13.5 టాగ్ డూవే కింద ఆయనకు చెమట, నాకు వణుకు: ఉన్నిది కొంటే తీరుతుందా?

తెనాలి_టు_బ్రాడ్‌ఫర్డ్ అడిగారు:

అందరికీ నమస్కారం. మా ఆలుమగల మధ్య మూడు చలికాలాలుగా నలుగుతున్న పంచాయితీ ఇది. నవ్వుకున్నా ఫర్వాలేదు, జవాబు మాత్రం చెప్పి పొండి.

మాది ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో వందేళ్లు దాటిన రాతి ఇల్లు. వరస ఇళ్లలో మధ్యది. పొద్దున లేచేసరికి పడగ్గది కిటికీ అద్దానికి లోపలి వైపు నీళ్లు కారుతుంటాయి. పాత తువ్వాలుతో తుడిచి పిండితే గ్లాసుడు వస్తాయి. 2022 అక్టోబరులో గ్యాసు, కరెంటు రేట్లు పెరిగిన దగ్గర్నుంచీ రాత్రి పదిన్నర కొట్టగానే హీటింగ్ ఆపేయడం మా ఇంటి శాసనం. శాసనకర్త మావారు. తెల్లవారుజామున గదిలో 15 డిగ్రీలుంటే గొప్ప.

ఇప్పుడున్న డూవే (లోపల పీచు నింపి కుట్టిన మందపాటి దుప్పటి) సూపర్‌మార్కెట్లో కొన్నది. పాలిస్టర్ నింపింది, కింగ్ సైజు, 13.5 టాగ్ (ఎంత వెచ్చనో చెప్పే అంకె). పడుకున్నాక ఓ గంట స్వర్గం. ఆ తర్వాత మావారు కుంపటి. రెండింటికల్లా బనీను తడిసిపోయి, డూవే తన్నేసి అటు తిరిగి పడుకుంటారు. ఆయన తన్నింది రెండు మడతలై నా మీద పడుతుంది, నాకు ఉడుకు. నాలుగింటికి ఆయనకు చలేసి మొత్తం లాక్కుంటారు, నాకు వణుకు. పైగా ఆ చెమట పట్టిన పాలిస్టర్ చల్లబడ్డాక ఒంటికి తగిలితే తడిగుడ్డ కప్పుకున్నట్టే ఉంటుంది. కాళ్లకు రెండు జతల మేజోళ్లు, పైన మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత. ఇదీ నా నిద్ర.

10.5 టాగ్‌ది కూడా కొని చూశాం. ఆయన చెమట కాస్త తగ్గింది, నా వణుకు బాగా పెరిగింది. ఇప్పుడది అటక మీద ఉంది.

పోయిన నెల పని మీద ఊరి మధ్యకు వెళ్లి, వాన పడుతుంటే పాత ఊల్ ఎక్స్ఛేంజ్ భవనంలో దూరాను. ఒకప్పుడు ఉన్ని బేరాలు సాగిన హాలు. ఇప్పుడు పుస్తకాల షాపు. ఆ పైకప్పు చూస్తూ నిలబడితే నాకే సిగ్గేసింది. బస్సెక్కితే సాల్టెయిర్, అక్కడ 1853లో కట్టిన అంత పెద్ద ఉన్ని మిల్లు. ఊరు ఊరంతా గొర్రె బొచ్చు మీద బతికింది. మేమేమో ఇక్కడ అద్దె కట్టుకుంటూ నెత్తి నుంచి కాళ్ల దాకా పాలిస్టర్ కప్పుకుని వణుకుతున్నాం.

ఇంటికొచ్చి వెతికితే ఉన్ని డూవేలు 120 పౌండ్ల నుంచి 300 దాకా ఉన్నాయి. కొన్నిటి మీద టాగ్ రాశారు, కొన్నిటి మీద చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని రాశారు. ఒకడు మెరినో (సన్న ఉన్ని గొర్రె జాతి) అంటాడు, ఒకడు బ్రిటిష్ ఉన్ని అంటాడు, ఇంకొకడు "ఊల్ రిచ్" అంటాడు. ఉతకొచ్చని ఒకరు, నీళ్లు చూపించొద్దని ఒకరు. ఇంత డబ్బు పోసి ఇంకోటి అటక ఎక్కించే ఓపిక లేదు. ఎవరైనా నిజంగా వాడుతున్నవాళ్లు చెప్పండి, మా ఇద్దరికీ ఒకటే సరిపోతుందా? నాకు చాలినంత వెచ్చగా ఉంటే ఆయనకు చెమట పట్టకుండా ఎలా ఉంటుంది? ఆ లాజిక్కే నాకు అందట్లేదు.

అన్నట్టు, అమ్మ నవంబరులో వస్తోంది. ఫోన్లో చెబితే మొదటి మాట, "గొర్రె వాసన రాదుటే?" రెండో మాట, "పోన్లే, ఉన్నిబట్టకి మైల లేదు. మా అమ్మమ్మ మడి కట్టుకుని కంబళి మీదే కూర్చునేది." ఆమోదమో, ఆక్షేపణో తెలియలేదు.


రాత్రిడ్యూటీ_అక్క:

చెల్లెమ్మా, నీ పోస్టు చదివి మా ఇంట్లో కెమెరా పెట్టావేమో అనుకున్నాను. తేడా ఒకటే, మా ఇంట్లో కుంపటిని నేను. 49 ఏళ్లు. రెండేళ్లుగా రాత్రిళ్లు ఒంట్లోంచి ఆవిర్లు. లెస్టర్‌లో నర్సుగా చేస్తున్నాను. అందుకే ముందుగా ఒక్క మాట. మీవారికి చెమట మూడేళ్లుగా ఇలాగే ఉంటే సరే. ఈమధ్యే మొదలై, పక్కబట్టలు పిండేంతగా పడుతూ, బరువు తగ్గడమో జ్వరమో కూడా ఉంటే దుప్పటి సంగతి తర్వాత, ముందు జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికి తీసుకెళ్లు.

ఇక నీ లాజిక్ ప్రశ్న. టాగ్ అంటే వేడిని ఎంత గట్టిగా ఆపుతుందో చెప్పే లెక్క, అంతే. లోపలి ఆవిరి ఏమవుతుందో అది చెప్పదు. మనిషి నిద్రలో ఆవిరి వదులుతూనే ఉంటాడు. అది పోయే దారి లేకపోతే గుడ్డలోనే నీరవుతుంది. అప్పుడు ఉక్కపోత, ఆ తర్వాత చలి. నువ్వు చెప్పిన రెండింటి ఉడుకు, నాలుగింటి వణుకు వేర్వేరు రోగాలు కావు, ఒకే తడి చేసే పని.

మామూలు తేమ ఉన్న గదిలో పాలిస్టర్ తన బరువులో అర శాతం తేమ కూడా పట్టుకోదు. నూలు 8 శాతం చుట్టూ పట్టుకుంటుంది. ఉన్ని 16 దాకా పట్టుకుంటుంది. గాలి బాగా తడిగా ఉంటే 30 దాటినా చేతికి తడి తెలియదు. వెంట్రుక పైపొర నీటిని జారుస్తుంది, లోపల మాత్రం ఆవిరిని పీల్చుకుంటుంది. చలేసినప్పుడు ఆదుకునేదీ, చెమటప్పుడు ఆదుకునేదీ ఆ ఒక్క గుణమే. అందుకని ఉన్నిది కొనేటప్పుడు నీ పాత 13.5 అంకె మర్చిపో. నేను 13.5 పాలిస్టర్ నుంచి 7 టాగ్ ఉన్ని దాకా దిగాను. చలేయలేదు.

ఒక్కటి తప్పు చేశాను. బాగుందని ఉబ్బి దాని మీద ఫ్లీసు రగ్గు వేశాను, అదీ పాలిస్టరే. ఆ రాత్రి పాత కథే. ఉన్ని పీల్చిన ఆవిరి బయటకు పోవాలి కదా, మీద ఇంకో పాలిస్టర్ పొర పడితే వేడీ పెరుగుతుంది, ఆవిరి పోయే దారీ తగ్గుతుంది. కవరు కూడా నూలుదే వెయ్యి.


బ్రెమెన్_బాబాయ్:

అమ్మాయీ, ఈ పంచాయితీకి జర్మన్లు ఎప్పుడో తీర్పు చెప్పేశారు. ఒక మంచం, రెండు దుప్పట్లు. ఇక్కడ మొగుడికొకటి, పెళ్లానికొకటి, 135×200 సైజు. మేము 2009లో వచ్చినప్పుడు ఇంటి ఓనరమ్మ చూపిస్తే మా ఆవిడ బిత్తరపోయింది, "వీళ్లు పోట్లాడుకున్నారా ఏమిటి" అని. పదిహేనేళ్లు దాటింది, ఇప్పుడు ఇండియా వెళ్లి ఒకే రగ్గు కింద పడుకోవాలంటే మాకే చిరాకు. ఎవరి చలి వాళ్లది. ఇద్దరికీ ఒకటే సరిపోవాలన్న షరతు తీసేస్తే నీ సమస్యలో సగం పోయింది.

ఇక్కడ టాగ్ అనే మాట వినపడదు, గ్రాములు చూడు. లెక్క సులువు. కింగ్ సైజు 225×220 అంటే దాదాపు 5 చదరపు మీటర్లు. 350 గ్రాములది అయితే లోపల ఉన్ని 1.7 కిలోలు. సింగిల్ 135×200 అంటే 2.7 చదరపు మీటర్లు. మీ ఆయనకు 250-300 గ్రాములది, అంటే ముప్పావు కిలో ఉన్ని. నీకు 450-500ది, ఇంచుమించు కిలోంపావు. మొత్తం ఉన్ని ఒక పెద్ద డూవేలో ఉన్నదానికంటే కాస్తే ఎక్కువ, కాబట్టి ఖర్చు కూడా కొంపలు మునిగేంత పెరగదు.

చీటీ మీద షూర్‌వోల్లె అని ఉంటే బతికున్న గొర్రె నుంచి కత్తిరించిన కొత్త ఉన్ని. ఇంగ్లిషులో అయితే "ప్యూర్ న్యూ ఊల్" అని ఉంటుంది. ఉత్త "ఊల్" అంటే పాత స్వెట్టర్లు పీకిన పీచు కూడా కావచ్చు. "ఊల్ రిచ్" అంటే ఉన్నిలో పాలిస్టర్ లాంటి వేరే పీచు కలిసిందన్న మాటకు మర్యాద పేరు. దానికి డబ్బు పెట్టొద్దు.

మెరినో మోజు కూడా పెట్టుకోకు. మెరినో సన్నం, ఒంటికి నేరుగా తగిలే బనీనుకూ శాలువాకూ ఆ సన్నదనం కావాలి. డూవేలో ఉన్ని రెండు పొరల గుడ్డ వెనక ఉంటుంది, నీ చర్మానికి తగలదు. అక్కడ కావలసింది స్ప్రింగులా లేచే గుణం. మీ ఇంగ్లండు కొండల గొర్రెల ఉన్ని కాస్త ముతకే గానీ నలిగినా లేస్తుంది. కుట్టు మాత్రం చూడు. కుట్టు గళ్లు మరీ పెద్దవైతే రెండేళ్లలో ఉన్ని ఒక మూలకు జరిగి ముద్ద కడుతుంది.

అన్నీ అడిగావు గానీ ఒకటి చెప్పలేదు. పైన కప్పుకునేది సరే, కింద ఏముంది?


తెనాలి_టు_బ్రాడ్‌ఫర్డ్:

బాబాయ్ గారూ, మీ ఆఖరి వాక్యం చదివి లేచి వెళ్లి పక్క ఎత్తి చూశాను.

మా బాబు చిన్నప్పుడు మా మంచం మీదే పడుకునేవాడు. పక్క తడుపుతాడని పరుపుకు వాటర్‌ప్రూఫ్ కవరు వేశాం. పైకి తువ్వాలు గుడ్డలా ఉంటుంది, తిరగేస్తే నిగనిగలాడే ప్లాస్టిక్కు. వాడికిప్పుడు ఏడేళ్లు, వేరే గది. ఆ కవరు అలాగే ఉంది! నాలుగేళ్లుగా మేము కింద రబ్బరు షీటు, పైన పాలిస్టరు వేసుకుని మధ్యలో ఇడ్లీల్లా ఉడుకుతున్నాం.

తీసేసి నూలు ప్యాడ్ ఒకటి వేశాను. మూడు రాత్రులైంది. మావారి బనీను తడవడం సగానికి సగం తగ్గిందని నాకనిపిస్తోంది. ఆయన మాత్రం "ఈ వారం చలి తక్కువ, అందుకే" అంటున్నారు. ఆయన ఇంజినీరు లెండి, మూడు రాత్రుల డేటా చాలదట.

రాత్రిడ్యూటీ అక్కా, థ్యాంక్స్. ఆయనకు పెళ్లినాటి నుంచీ ఇంతే. ఎండాకాలం తెనాలిలో అయితే మంచం కింద మడుగే.


గొంగడి_మనవడు:

అక్కా, నేను డూవే ఎన్నడు కప్పుకోలె. గని ఉన్ని ముచ్చట వచ్చింది కాబట్టి నాలుగు మాటలు చెప్పి పోత.

మాది పాలమూరు దిక్కు, కురుమోళ్లం. మా తాత గొర్లు కాసేటోడు. ఒకటే గొంగడి, నల్లది. చలికాలం కప్పుకునుడు అదే, వానల నెత్తి మీంచి ఏసుకునుడు అదే, పగటి పూట కింద పరుసుకునుడు అదే. వాన పడ్తె పైన బొట్లు నిలుస్తయి, దులిపితె పోతయి. గంటల కొద్ది వాన కొడ్తె తడుస్తది, తడిస్తె ఎత్తలేనంత బరువైతది. అయినా లోపల మనిషి ఇగం పట్టకుంట ఉంటడు. ఎండల గూడ భుజాన ఏసుకునే పోయేటోడు. "ఎండ గూడ ఆపుతది ర" అనేటోడు. నర్సక్క చెప్పింది చదివినంక మా తాత చెప్పింది అదే గదా అనిపించింది, అంకెలు లెవ్వు గంతే.

మా నాయనమ్మ రాట్నం మీద ఉన్ని వడికేది. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తుండె. ఏకి, వడికి, పడుగు చేసినంక దానికి చింతగింజల అంబలి పట్టిస్తరు, పోగు గట్టిపడుతది. అందుకే కొత్త గొంగడి అట్ట లెక్క ఉంటది, గీసుకుంటది. పట్నం పిల్లలు ఒక్క నిమిషం ఉండలేరు. ఏండ్లు వాడంగ వాడంగ మెత్తవడ్తది. మా తాతది నాకంటె పెద్దది, ఇంక ఉన్నది.

గని ఒక మాట. ఇది చూసి ఎవరన్న మన గొంగడి తెప్పించుకొని డూవే లెక్క కప్పుకుందామనుకుంటె వద్దు. అది నేసిన బట్ట, దాని పని వేరు. డూవేల ఉన్నిని నెయ్యరు గద, దూదేకినట్టు ఏకి పొరలు పరిచి కుడ్తరు. గాలి నిలిచేది ఆ పొరలల్ల. దక్కన్ గొర్రె ఉన్ని బాగ ముతక, బరువు.

అసలు ఇప్పుడు ఉన్ని గొర్రె ఏడున్నది? 2017ల సర్కారు గొర్ల పథకం వచ్చింది. 20 గొర్లు, ఒక పొట్టేలు. మా ఊరికి వచ్చినయి శాన మటుకు నెల్లూరు రకం. పొడుగ్గ, తెల్లగ మంచిగనే ఉంటయి, మాంసం మంచిగ పడ్తది. కాని ఒంటి మీద ఉన్ని ఉండది, ఉత్త వెంట్రుకలే. మందల మిగిలిన నల్ల గొర్లను గూడ వాటితోనే దాటిచ్చిన్రు. ఇప్పుడు మా ఊర్ల కత్తెర పట్టెటోడు లేడు, గొంగడి నేసే మగ్గం లేదు. పెండ్లికి, బీరప్ప పండుగకు గొంగడి కావాలంటె వేరే ఊరికి పోతున్నం.


తెనాలి_టు_బ్రాడ్‌ఫర్డ్:

తమ్ముడూ, ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇక్కడా అదే కథ తెలుసా. 2020లో ఉన్ని ధర ఎంత పడిపోయిందంటే, గొర్రెకు కత్తిరింపు కూలి దాని ఉన్నికొచ్చే డబ్బు కంటే ఎక్కువైంది. కొందరు రైతులు తగలబెట్టారు, కొందరు ఎరువులో కలిపారు. ఎండల్లో బరువుతో, ఈగలతో అవస్థ పడతాయని కత్తిరించడం మాత్రం తప్పదు. అమ్మ "గొర్రెను చంపుతారా" అని అడిగితే ఇదే చెప్పాను, కత్తిరించకపోతేనే దానికి హింస అని.


కూకట్‌పల్లి_ఏసీ:

మాకు హైదరాబాద్‌లో పనికొస్తుందాండి? ఏసీ 20లో పెట్టుకుని రజాయి కప్పుకుంటాం.


రాత్రిడ్యూటీ_అక్క:

బాబూ, ఏసీని 26కి పెంచి నూలు దుప్పటి కప్పుకో. కరెంటు మిగులుతుంది, 200 పౌండ్లూ మిగులుతాయి.


చిమ్మెట_బాధితుడు:

అందరూ ఆకాశానికెత్తేస్తున్నారు గనక చేదు మాట నేను చెప్తాను. కార్డిఫ్‌లో ఉంటాను. మూడేళ్ల క్రితం మంచి ఉన్ని డూవే కొన్నాను, కింగ్ సైజు. ఎండాకాలం రాగానే బుద్ధిగా ప్లాస్టిక్ సంచిలో మడిచి మంచం కింద సొరుగులో తోశాను. అక్టోబరులో తీస్తే కవరు మీద బియ్యపు గింజల్లాంటి గూళ్లు. ఓ మూల కుట్టు ఊడిన చోటి నుంచి లోపలికి దూరాయి. ఎగిరే చిమ్మెట ఏమీ తినదు, దాని పిల్లపురుగే తింటుంది. చీకటి, కదలిక లేని చోటు, చెమట మరకలు ఉంటే దానికి పండగ. ఉతక్కుండా, గాలికి పెట్టకుండా నేను దాచిపెట్టింది సరిగ్గా అలాంటి చోట.

ఫ్రీజర్లో రెండు వారాలు పెడితే గుడ్లతో సహా చస్తాయన్నారు. మైనస్ 18 ఉండాలి. చెప్పడం తేలిక. కింగ్ సైజు డూవేను మూడు సొరుగుల ఫ్రీజర్లో పట్టించి చూపించండి! మా ఆవిడ బఠాణీలు, చేపలు బయట పెట్టి నా మొహం చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. స్వెట్టర్లయితే పడతాయి. డూవే పారేశాను.

కలరా ఉండలు వేద్దామని మా నాన్న సలహా. వద్దు. ఆ వాసన డూవేలోంచి పోదు, రాత్రంతా మొహం దగ్గర పెట్టుకుని పీల్చాలి.

కాబట్టి కొంటే కొనండి, కానీ వాడండి. రోజూ దులిపేదాని జోలికి అది రాదు. ఎండాకాలం దాచాలనుకుంటే ముందు ఎండా గాలీ తగిలించి, గట్టి నేత నూలు సంచిలో పెట్టండి. నెలకోసారి తీసి దులపండి.


బ్రెమెన్_బాబాయ్:

చిమ్మెట గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. ఇక్కడ పొద్దున్నే జనం పరుపు బట్టలు కిటికీ మీద వేలాడేస్తారు. మొదట్లో మురికివాడేమో అనుకున్నాను. అది వాళ్ల నిత్యపూజ. ఉన్నికి ఉతుకు కన్నా గాలి ముఖ్యం. పదిహేనేళ్లలో మాది ఒక్కసారి కూడా ఉతకలేదు, కవర్లు మాత్రం వారం వారం మారుస్తాం. మిషనులో ఉతకొచ్చు అని రాసినవాటి ఉన్నికి ముడుచుకోకుండా రసాయనం పట్టించి, సన్నని పూత వేస్తారు. పిల్లల పక్కలకు అది సౌకర్యం, పెద్దవాళ్లకు అక్కర్లేదు.

అమ్మాయీ, ఇంగ్లండులో డూవే పుట్టినప్పుడు దాన్ని ఎందుకు కొన్నారో తెలుసా? వెచ్చదనానికి కాదు, బద్ధకానికి. 1964లో డిజైనర్ టెరెన్స్ కాన్రన్ లండన్‌లో తెరిచిన హాబిటాట్ అనే ఇంటి సామాన్ల కొట్లో దాన్ని పది సెకన్లలో సర్దే పక్క అని అమ్మారు. అంతకు ముందు దుప్పట్ల మీద దుప్పట్లు దోపుకునేవాళ్లు.


రాత్రిడ్యూటీ_అక్క:

ఇది చదివే బాలింతలు, చూలింతలు ఎవరైనా ఉంటే, ఏడాది లోపు పిల్లలకు డూవే ఏదీ వద్దు. ఉన్నిదైనా, దూదిదైనా, ఈకలదైనా సరే. ఊపిరికి అడ్డం పడుతుంది, వేడెక్కుతుంది. వాళ్లకు నిద్రసంచీలు వేరే ఉంటాయి. అమ్మమ్మలు బొంతలు కుట్టుకొస్తారు, నాకు తెలుసు. ఏడాది దాటాక కప్పండి.


తెనాలి_టు_బ్రాడ్‌ఫర్డ్ (ఆరు వారాల తర్వాత):

చివరికి ఏమైందో చెప్పాలి గనక చెప్తున్నాను. పొడుగైతే క్షమించండి.

రెండు సింగిళ్లు కొన్నాం, బాబాయ్ గారి లెక్క ప్రకారం. మావారికి 300 గ్రాములది, నాకు 500ది. రెండూ కలిపి 190 పౌండ్లు అయ్యాయి. బ్రిటిష్ ఉన్ని, పైన నూలు గుడ్డ.

మొదటి రోజు పెట్టె విప్పగానే గుండె జారింది. పాత పాలిస్టర్‌ది ఉబ్బి పూరీలా ఉండేది. ఇవి చపాతీలు! ఇంత పల్చటి దానికి ఇంత డబ్బు పోశామా అని ఆయన మొహం, నా మొహం చూసుకున్నాం. వాసన కూడా ఉంది, అబద్ధమెందుకు. గొర్రె వాసన అనను గానీ, వానలో తడిసిన శాలువా వాసన. నాలుగు రోజులు పగలంతా మెట్ల కటకటాల మీద ఆరేశాను. (బయట ఆరేయడానికి బ్రాడ్‌ఫర్డ్ ఆకాశం ఒప్పుకోవాలిగా.) ఇప్పుడు ముక్కు ఆనించి పీల్చినా తెలియదు.

పడుకోగానే పాతదానిలా భగ్గుమని వేడెక్కదు. పది నిమిషాలు ఓపిక పట్టాలి. ఆ పది నిమిషాల్లో మొదటి రాత్రి నేను రెండుసార్లు మోసపోయామని తీర్మానించుకున్నాను. మూడోసారి తీర్మానించుకునేలోపు నిద్రపట్టింది.

ఆయన మొదటి రెండు రాత్రులు అలవాటు కొద్దీ తన్నేశారు. తన్నితే పడింది కిందనే, నా మీద కాదు. అదొక్కటే చాలు నాకు. మూడో రాత్రి నుంచి తన్నడం లేదు. బనీను పొడి. దీనికి కారణం ప్లాస్టిక్ కవరు తీసేయడమా, ఉన్ని మహిమా, చెరో దుప్పటి కావడమా అని ఆయన ఇంకా విచారణ జరుపుతున్నారు. ఒక్కొక్కటి మార్చి చూడాల్సిందట, అన్నీ ఒకేసారి మార్చి ప్రయోగం పాడుచేశానట. మళ్లీ ఆ రబ్బరు షీటు వేసి పరీక్షిద్దామన్నారు. మీ పక్కన మాత్రమే వేసుకోండి అన్నాను. విచారణ ఆగిపోయింది.

నా సంగతి. నాలుగింటి వణుకు లేదు, ఆ తడి లేదు. కాళ్లు మాత్రం ఇంకా ఐసే. మేజోళ్లు ఒక జతకు తగ్గాయి, పూర్తిగా పోలేదు. దానికి రబ్బరు వేడినీళ్ల సంచీయే గతి. పడుకునే ముందు అరగంట పెట్టి తీసేస్తున్నాను.

కిటికీ అద్దానికి నీళ్లు కారడం మాత్రం అలాగే ఉంది. డూవే మారిస్తే ఇల్లు మారదు కదా. పొద్దున పది నిమిషాలు కిటికీ తెరిచి, డూవేలు మంచం చివర వెనక్కి మడిచి ఉంచుతున్నాను, బాబాయ్ గారి నిత్యపూజలాగే. లేవగానే నీటుగా పరిచేయడం మానేశాను.

అమ్మ పోయిన శనివారం దిగింది. తనకు అటక మీది 10.5 పాలిస్టర్‌ది వేద్దామనుకున్నాం. ఒక్క రాత్రి పడుకుని పొద్దున్నే కాఫీ దగ్గర, "ఇది ఒకటే ఉడక, నీది చూపించు" అంది. చూసింది. చేత్తో నలిపింది. కుట్టు తిరగేసి చూసింది. "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరను గానీ, ఇంకాస్త దగ్గరగా కుట్టాల్సింది" అంది. ఆ రాత్రి నుంచి నా 500 గ్రాములది అమ్మ గదిలో ఉంది. నేను మావారి 300 కింద దూరుతున్నాను. 135 వెడల్పు దుప్పటి కింద ఇద్దరం. అంటే మూడేళ్ల కిందటి పంచాయితీ మళ్లీ మొదలు, ఈసారి చెమట లేకుండా.

మూడోది ఆర్డరు పెట్టాను. గొంగడి తమ్ముడూ, మీ ముతక ఉన్ని సంగతి అమ్మకు చెబితే, మా తెనాలి సంతలో కంబళ్లు అమ్మేవాళ్లు వచ్చేవారని గంటసేపు చెప్పింది.

ఇప్పుడు కొత్త సమస్య ఒకటి. మా దగ్గరున్న డూవే కవర్లు నాలుగూ కింగ్ సైజువే. సింగిల్ డూవే అందులో వేస్తే సంచిలో పిల్లిలా ఒక మూలకు చేరుతోంది. మధ్యకు కోసి రెండు చేద్దామని అమ్మ కత్తెర తీసింది, ఇంట్లో కుట్టుమిషను మాత్రం లేదు. లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ వైపు మంచి నూలు సింగిల్ కవర్లు ఎక్కడ దొరుకుతాయో, లేకపోతే కుట్టిపెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారో తెలిస్తే చెప్పండి.